చిన్న కుప్ప, పెద్ద కుప్ప

గోడౌన్ నేల మీద తెల్ల గీత గీస్తున్నారని ముందు చెప్పింది లాల్‌బీయే. పెసలు ఏరుతూ, టమాటాల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. నా చేతిలో చేట ఆగిపోయింది.

"ఏం గీతే?"

"ఏమో అక్కా. ఆ కంప్యూటర్ పిల్ల పెయింటు డబ్బా పట్టుకుని దగ్గరుండి గీయిస్తోంది. నీ కొడుకూ నా కొడుకూ చెరో పక్క చేతులు కట్టుకుని నిలబడ్డారు, పెళ్లిచూపులకి వచ్చినట్టు."

తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లేచి మెట్ల దగ్గరికి వెళ్లి కిందికి చూశాను. వీధి గుమ్మం నుంచి వెనక గోడ దాకా, గోడౌన్ నడిమధ్యన, జానెడు వెడల్పున తెల్లటి గీత. ఇంకా తడి ఆరలేదు.

నల్లపాడు రోడ్డులో ఉంది మా గోడౌన్. ఖాళీ గోనె సంచులు, వాటిని కుట్టే సుతిలి, దబ్బనాలు, మిరపకాయలు ఆరబోసే పట్టాలు మా సరుకు. ఇటు పల్నాడు, అటు ప్రకాశం ఊళ్లలో దుకాణాలవాళ్లు ఇక్కడి నుంచే తీసుకెళ్తారు. మా ఆయన జయరావు, లాల్‌బీ భర్త గౌస్ బాషా కలిసి పెట్టిన వ్యాపారం ఇది. ఇద్దరూ కాలం చేశారు. ఇప్పుడు నా కొడుకు మార్క్, లాల్‌బీ కొడుకు నజీర్ నడుపుతున్నారు. గోడౌన్ పైన రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, ఒకదాంట్లో వాళ్లు, మధ్యలో ఉమ్మడి వసారా.

ఆ వసారాలోనే మా ఇద్దరి మధ్యాహ్నాలూ గడిచేవి. నేను పేపరో వారపత్రికో పైకి చదివేదాన్ని, లాల్‌బీ వినేది. నేను బడికి పోలేదు. సంచుల మీద అచ్చువేసిన అక్షరాలను కూడబలుక్కుంటూ చదువు పట్టాను. ఒక్కోచోట తప్పు చదువుతాను. లాల్‌బీ కనిపెట్టినా అనదు. పిల్లలిద్దరూ విడిపోతే ఈ రెండు వాటాల్లో ఒకటి ఖాళీ అవుతుంది. అప్పుడు చదవడం మటుకు ఎందుకు?

గీత అంటే ఏమిటో నాకు చిన్నప్పుడే తెలుసు. చీమకుర్తి దగ్గర మా ఊళ్లో మా నాన్న, బాబాయి వేరుపడిన రోజు మా వాకిట్లో ముగ్గుపిండితో ఇలాంటి గీతే గీశారు. గిన్నెలు, గంపలు, ఒక నిచ్చెన, పలుపుతాళ్లు అన్నీ తెచ్చి రెండు కుప్పలు పోశారు. పెద్దవాడు భాగం పెట్టాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి, అది మావైపు కట్టుబాటు. అప్పుడైతే పెట్టేవాడి కన్ను వంకరపోదు. ముగ్గుపిండి గీత మీద మట్టి గోడ లేచింది. గోడకి అవతల మా బాబాయి కూతురు శాంతి ఉండేది. నా ఈడుదే. కొన్నాళ్లు గోడ మీదుగా చింతకాయలు విసురుకున్నాం. తర్వాత వాళ్లు పిడుగురాళ్ల సున్నపు బట్టీల పనికి తరలిపోయారు. శాంతిని మళ్లీ చూడలేదు. ఇప్పటికీ పిడుగురాళ్ల బస్సు కనపడితే కిటికీలు వెతుకుతాను.

అందుకని ఆ పూట అన్నం సహించలేదు.

కంప్యూటర్ పిల్ల పేరు హెలెన్. మా చర్చి పాస్టరుగారి అమ్మాయి, ఏదో కంపెనీలో పనిచేసి వచ్చింది. ఆమెను తీసుకొచ్చింది మార్క్. "సరుకు ఎంతుందో ఎప్పటికప్పుడు తెలిసేటట్టు పద్ధతి పెట్టిస్తున్నాం అమ్మా" అన్నాడు. ఇన్నేళ్లు తెలియకుండానే నడిచిందా అనుకున్నాను, పైకి అనలేదు. ఆ పిల్ల రోజూ వచ్చేది. సంచుల బేళ్ల మధ్య తిరిగేది, ఫోన్లో కొట్టుకునేది, బస్తాలు మోసే ముఠా మేస్త్రిని "ఇవి వారానికి ఎన్ని పోతాయి? ఆర్డరు పెడితే ఎన్నాళ్లకు దిగుతాయి?" అని అడిగేది. నన్ను చూస్తే "బాగున్నారా మామ్మగారూ" అని తలొంచి నవ్వేది. మంచిపిల్లలాగే ఉండేది. లెక్కలు పెట్టడానికి వచ్చేవాళ్లు ఎప్పుడూ మంచిగానే ఉంటారు. మా వాకిట్లో గీత గీసిన పెద్దమనిషి కూడా నాకు బెల్లం ముక్క పెట్టాడు.

గీత ఆరాక సరుకు సర్దడం మొదలైంది. మెట్ల మీద కూర్చుని చూశాను. సంచులు రెండు కుప్పలు. సుతిలి ఉండలు రెండు కుప్పలు. పట్టాలు రెండు, దబ్బనాల డబ్బాలు రెండు. గీతకు అటొకటి, ఇటొకటి.

అంతకంటే పాడు సంగతి తర్వాత కనపడింది. కుప్పలు సమానంగా లేవు. మార్క్ బల్ల ఉన్న వైపు పెద్ద కుప్పలు. నజీర్ బల్ల వెనక గోడకి ఆనించి చిన్న కుప్పలు, వాటి మీద దారంతో కట్టిన ఎర్ర అట్టలు. సుతిలి అయితే మార్క్ వైపు నా భుజందాకా ఉంది, నజీర్ వైపు మోకాలి దాకా కూడా లేదు.

భాగం పెట్టింది నా కొడుకు. ఎంచుకునే హక్కు చిన్నవాడికి ఇవ్వకుండా, చిన్న కుప్పను వాడి గోడకే చేర్చేశాడు.

ఆ సాయంత్రం మార్క్ కాళ్లు కడుక్కుంటుంటే తువ్వాలు అందిస్తూ అడిగాను.

"ఆ గీత ఎందుకురా?"

"పద్ధతి కోసం."

"ఏం పద్ధతి?"

"చెప్తే నీకు అర్థం కాదులేమ్మా. పద, ఆకలేస్తోంది."

"నజీర్‌కి ఇష్టమేనా?"

తువ్వాలుతో తుడుచుకుంటున్నవాడు ఆగాడు. నా మొహంలోకి చూశాడు. "వాడేమైనా అన్నాడా నీతో?" అన్నాడు. గొంతు మారింది. ఏమీ దాచనివాడికి గొంతెందుకు మారాలి?

లాల్‌బీతో చెప్పలేకపోయాను. ఏమని చెప్పను, నా కొడుకు నీ కొడుకుని ముంచుతున్నాడనా? మర్నాడు వసారాలో పేపరు తీశాను గాని ఒకే వార్త రెండుసార్లు చదివాను. లాల్‌బీ కనిపెట్టలేదు. తను కూడా ఎటో చూస్తోంది. మామూలుగా అయితే హత్య వార్త చదివితే "చంపినవాడు దొరికాడా" అని మధ్యలో అడ్డుపడేది. ఆ రోజు ఊఁ కొట్టడం కూడా మర్చిపోయింది.

దీనికి తెలిసిపోయింది, అనుకున్నాను. నా కొడుకు చేసే పని దీనికి తెలిసింది, నాతో చెప్పలేక మింగుతోంది.

"ఏమే, అలా ఉన్నావు?"

"మోకాళ్లు అక్కా. నీకేమైంది?"

"కళ్లు మండుతున్నాయి."

ఇన్నేళ్లలో మేం ఒకరికొకరం చెప్పుకున్న అబద్ధాలు బహుశా అవే.

రెండు రోజులు ఆలోచించాను. మార్క్‌తో పోట్లాడితే గుట్టు రచ్చకెక్కుతుంది. విడిపోవడం ఆపడం నా చేతిలో లేకపోతే, కనీసం భాగాలు సమానంగా ఉంటే, పోయేవాళ్లు మనసులో విషం లేకుండా పోతారు. పండక్కో పబ్బానికో లాల్‌బీ వచ్చి కూర్చుంటుంది. శాంతి వాళ్లు పోయింది గోడ వల్ల కాదు. పలుపుతాళ్లలో పాతవన్నీ తమ కుప్పలో పడ్డాయని మా పిన్ని మనసు విరిగింది. అందుకు పోయారు.

మధ్యాహ్నం ముఠావాళ్లు అన్నాలకు పోతారు. షట్టరు సగం దించి ఉంటుంది. మార్క్ పైకి వచ్చి తిని ఓ కునుకు తీస్తాడు, నజీర్ మార్కెట్ యార్డు వైపు వెళ్తాడు. ఆ వేళ నేను కిందికి దిగాను. బేళ్లు నావల్ల కావు. సుతిలి ఉండలు అవుతాయి. కొంగులో నాలుగేసి ఉండలు వేసుకుని మార్క్ వైపు నుంచి గీత దాటి నజీర్ వైపు మోశాను. ఎర్ర అట్ట కదలకుండా అడుగున దోపాను. ఒక్కరోజులో చేస్తే తెలిసిపోతుందని రోజుకు కాస్త చొప్పున మోశాను. నా కొడుకు సొమ్ము నేనే దొంగతనంగా మోస్తున్నాను. పైకి వచ్చాక కొంగుకు అంటిన పీచు ఏరుకునేదాన్ని.

మిరప సీజన్ ముదిరింది. యార్డుకు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వరస కట్టాయి. రోజూ పొద్దున్నుంచి ఆటోలు వచ్చి సంచులు, సుతిలి ఎత్తుకుపోతున్నాయి. ఇటు నేను తీస్తుంటే, అటు వాళ్లు అమ్ముతుంటే పెద్ద కుప్ప కరిగిపోయింది. ఒకరోజు మార్క్ "అప్పుడే అయిపోయిందా" అంటూ ఫోన్ తీసి ఏదో నొక్కడం చూశాను. ఆ పక్కరోజు పట్టాల దగ్గర కూడా అదే మాట అన్నాడు. పట్టాల జోలికి నేను పోలేదు కాబట్టి పట్టించుకోలేదు.

ఆ వారమే లారీ వచ్చింది. సుతిలి, పట్టాలు దిగుతుంటే దించడానికి చోటు లేదు. గీతకు ఇవతల నింపారు, అవతల నింపారు, ఇంకా మిగిలితే గుమ్మం పక్కన పేర్చారు. నజీర్ మార్కెట్ నుంచి వచ్చి స్కూటర్ దిగకుండానే అరిచాడు.

"అన్నా! ఏందిదంతా? పెళ్లి పందిరా, గోడౌనా? ఎవురు పెట్టమన్నారు ఇంత ఆర్డరు?"

"పెద్ద కుప్ప అయిపోయింది, పెట్టాను. పద్ధతి అదేగా."

"అయిపోవడానికి బిల్లులేవి? హెలెన్, చూడమ్మా, ఎంత అమ్మాం?"

హెలెన్ ఫోన్ చూసింది. మొహం చిన్నబుచ్చుకుంది. "బిల్లుల ప్రకారం పెద్ద కుప్పలో ఇంకా మూడో వంతు ఉండాలండి. సుతిలీ అంతే, పట్టాలూ అంతే."

నేను మెట్ల మీద ఉన్నాను.

"అంటే బిల్లు లేకుండా పోయింది" అన్నాడు నజీర్ నెమ్మదిగా. "అమ్మేది నువ్వు."

"ఏరా, ఏంటి నీ ఉద్దేశం?"

"నా ఉద్దేశం ఏం లేదు. పోయిన సీజన్లో కూడా ఇట్టాగే తగ్గింది. అప్పుడూ అడగలేదు."

"అడగలేదా? ఊరంతా చెప్పావు, నన్ను తప్ప అందర్నీ అడిగావు! విడిపోదామన్నది ఎవడు? నేనా?"

ఆ మాట మెట్ల మీద ఉన్న నన్ను వచ్చి తాకింది. నా అనుమానం ఉత్తిది కాదు. వీళ్లు నిజంగానే ఆ మాట అనుకున్నారు.

"అందుకేగా ఈ అమ్మాయిని పిలిచింది!" మార్క్ గొంతు గోడౌన్ అంతా మోగింది. "ఒక్క సీజన్ లెక్క తేటగా నడిపి చూద్దాం, అప్పటికీ నమ్మకం లేకపోతే చూసుకుందాం అన్నాం. ఇప్పుడు చూడు, నీ గోడ వైపు సుతిలి ఎంతుందో! నా వైపు కుప్ప తగ్గి నీ వైపు కుప్ప ఎట్టా పెరిగింది? నువ్వు చెప్పు ముందు!"

హెలెన్ పరుగున వెళ్లి గోడవార కుప్పలు చూసింది. "సార్, నిజమే. ఇవి నేను పెట్టినదానికి ఎక్కువున్నాయి. ఇవి పెరగకూడదండి. ఎవరూ ముట్టుకోకూడదనే ఎర్ర అట్ట కట్టింది."

"ఎందుకు ముట్టుకోకూడదు?" అన్నాను నేను.

అందరూ పైకి చూశారు.

హెలెన్‌కి విసుగు వచ్చి ఉంటుంది. అయినా చెప్పింది. "మామ్మగారూ, రోజూ అమ్మేది పెద్ద కుప్పలోంచి. అది అయిపోయిన రోజు చిన్న కుప్ప మీది ఎర్ర అట్ట తీసి ఆర్డరు పెట్టాలి. లారీ వచ్చేదాకా చిన్న కుప్ప మనల్ని ఆదుకుంటుంది. సీజన్లో సరుకు లేదనిపించుకోం, అక్కర్లేనిది కొని డబ్బు ఇరికించుకోం. మా అమ్మ పప్పు రెండు డబ్బాల్లో పోసుకుంటుంది. ఒకటి ఖాళీ అయితే కొట్టుకు పంపిస్తుంది, రెండోది విప్పుతుంది. అంతకంటే ఇందులో గొప్పేం లేదు."

"మరి చిన్నవి నజీర్ వైపే ఎందుకు పెట్టావు?"

"అటు గోడకి చెమ్మ లేదండి."

చెమ్మ. వానాకాలంలో మార్క్ వైపు గోడ చెమ్మగిల్లుతుందని నాకు ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి తెలుసు.

మెట్లు దిగాను. చేతికర్ర పైనే ఉండిపోయింది. గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"సుతిలి నేను మోశాను."

"ఏంటమ్మా?" అన్నాడు మార్క్.

"మధ్యాహ్నాలప్పుడు. కొంగులో వేసుకుని ఇటు నుంచి అటు మోశాను. మీరు వేరుపడుతున్నారనుకున్నాను. నజీర్‌కి చిన్న భాగం పెట్టావనుకున్నాను."

ముఠా మేస్త్రి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. బయటి నుంచి నవ్వు వినపడింది. హెలెన్ మాత్రం లెక్క వదల్లేదు.

"మరి పట్టాలు కూడా మీరేనా మామ్మగారూ?"

"పట్టాలా? నా వల్ల అవుతుందా తల్లీ. నేను ముట్టుకోలేదు."

మార్క్, నజీర్ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు. సుతిలి తేలింది, పట్టాలు తేలలేదు, ఆ చూపులో అది ఉంది.

"పట్టాలు నేను" అని మెట్ల పైనుంచి వినపడింది.

లాల్‌బీ. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది.

"నువ్వా!" అన్నాడు నజీర్. "ఆ మోకాళ్లతోనా?"

"మోకాళ్లతో ఎవరు మోస్తార్రా, చేతుల్లేవా నాకు? పొద్దున నమాజు కాగానే దిగి ఈడ్చాను. ఒక్కోటి ఈడ్చేసరికి నడుం పట్టేసింది. ఆ దబ్బనాల డబ్బాలు కూడా చూసుకోమ్మా, కొన్ని మార్చాను."

"ఎందుకమ్మీ?"

"నువ్వు ఫోన్లో అన్నావుగా, చిన్న కుప్పలన్నీ మార్క్ అన్న చేతిలోనే, నేను ముట్టుకోను అని. పెద్దవన్నీ నువ్వు కాజేసి తండ్రిలేని పిల్లాడికి చిన్నవి పడేస్తున్నావనుకున్నా. ఏ గోడవారనున్నా చిన్నవే మార్క్ భాగమనుకుని పెద్దవాటిలోంచి వాటిలోకి చేర్చా."

"అన్న తండ్రిలేని పిల్లాడా? ఆయనకి యాభై ఏళ్లు! నాకు మాత్రం తండ్రి ఉన్నాడా? ఎర్ర అట్ట తీసేది మార్క్ అన్న, ఆర్డరు పెట్టేది అన్న, అందుకని అన్నాను!"

"నాకేం తెలుసురా. నిన్ను కన్నాను కాబట్టి నీ మీదే అనుమానం వచ్చింది."

నజీర్ పడీ పడీ నవ్వాడు. సంచుల బేలు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. "ఇదిగో అన్నా, మన ఇద్దరి కంటే మన ఇంట్లో దొంగలు పెద్దవాళ్లు" అన్నాడు. హెలెన్ కూడా నవ్వింది.

మార్క్ నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో అడిగాడు.

"నేను వాణ్ణి మోసం చేస్తాననుకున్నావా అమ్మా?"

లేదనొచ్చు. అబద్ధం నోటి చివర దాకా వచ్చింది. కానీ లాల్‌బీ అప్పటికే నిజం చెప్పేసి అక్కడే నిలబడి ఉంది.

"అనుకున్నాను."

తలూపి బయటికి వెళ్లిపోయాడు. తర్వాత కొన్నాళ్లు నాతో అవసరమైనంత మేరకే మాట్లాడాడు. అన్నం పెడితే తినేవాడు, "చాలు" అనేవాడు. నేను తువ్వాలు అందించబోతే ముందే అందుకునేవాడు. ఆ శిక్ష నాకు పడాల్సిందే.

వ్యాపారం మాత్రం ఆగలేదు. దిగిన సుతిలి ఎక్కువైంది గాని సీజన్ చివరికి పోతుందని హెలెన్ లెక్క వేసి చెప్పింది. కుప్పలు మళ్లీ సర్దించింది. ఈసారి సర్దాక నన్నూ లాల్‌బీనీ కిందికి పిలిచింది. మార్క్, నజీర్‌ల ఎదుటే చెప్పింది.

"ఈ ఎర్ర అట్టలు ఇక మీ దగ్గర ఉంటాయి మామ్మగారూ. పెద్ద కుప్ప అయిపోయిందని వీళ్లు అంటే, మీరిద్దరూ దిగి వచ్చి కళ్లారా చూసి అట్ట ఇవ్వాలి. మీరిచ్చాకే ఆర్డరు."

"మేమెందుకమ్మా" అన్నాను.

"ఎవరి కొడుకుని వాళ్లు నమ్మని మనుషులు ఇంకెక్కడ దొరుకుతారండీ నాకు?"

లాల్‌బీ కిలకిలా నవ్వింది. "జీతమెంత పిల్లా?" అంది.

అట్టలు నా దిండు కింద పెట్టుకున్నాను. ఇప్పటికి మూడుసార్లు తీసి ఇచ్చాను. మూడోసారి అట్ట అందుకుంటూ మార్క్ "బాగా చూశావా, కొంగులో ఏమైనా ఉందా?" అన్నాడు. చాలా రోజులకి వాడి నోట ఎగతాళి విన్నాను. కొంగు దులిపి చూపించాను.

అయితే సీజన్ ఇంకా అయిపోలేదు. ఒక్క సీజన్ చూద్దాం అనుకున్నారుగా. అప్పుడప్పుడు వాళ్లిద్దరూ గేటు దగ్గర నిలబడి ఏదో మాట్లాడుకుంటారు. నన్ను చూసి ఆపేస్తారు. టీ గురించి అంటారు. టీ గురించి మాట్లాడుకునేవాళ్లు ఆపేయడం ఎందుకు?

అందుకని మధ్యాహ్నాల చదువు వసారాలోంచి కిందికి మార్పించాను. పైన ఎండ వేడి ఎక్కువగా ఉందని చెప్పాను. ముఠావాళ్లతో నా కుర్చీ సరిగ్గా ఆ తెల్ల గీత మీద వేయించుకున్నాను. రెండు కాళ్లు అటు, రెండు కాళ్లు ఇటు. ఇక్కడ గోడ కట్టాలంటే ముందు నన్ను లేపాలి. సంచుల బండి పోవడానికి అడ్డమని నజీర్ గొణిగాడు, గాని జరపమనలేదు.

లాల్‌బీ ఎదురుగా బేలు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటుంది. "నిన్న ఎక్కడ ఆపావక్కా? ఆ సీరియల్లో వాడు ఇంటికి తిరిగొచ్చాడా, లేదా?" అంటుంది. నేను పేజీ వెతుక్కుని చదువుతాను. చదువుతూ, ఒక కన్ను గేటు మీద వేసి ఉంచుతాను.